ఫేబుల్డ్ గోల్కొండ: ఈ ఇంగ్లీష్ మాట ఎక్కడ అతుకుతుంది, ఎక్కడ అతకదు

గోల్కొండ వజ్రాల గురించి ఇంగ్లీష్‌లో ఎవరు రాసినా, పత్రికవాళ్లయినా వేలంపాట కంపెనీలవాళ్లయినా, ఒక విశేషణం దాదాపు తప్పకుండా వాడతారు: ఫేబుల్డ్. 'ద ఫేబుల్డ్ మైన్స్ ఆఫ్ గోల్కొండ' అన్నది ఎంత అరిగిపోయిన ప్రయోగమంటే గోల్కొండ పేరు వస్తే ఈ మాట కూడా దానంతటదే వచ్చేస్తుంది. దీన్ని తెలుగు చేసేటప్పుడు కొందరు 'ప్రఖ్యాత గోల్కొండ గనులు' అని సరిపెట్టేస్తారు, కొందరు నిఘంటువులో మొదట కనిపించిన అర్థం పట్టుకుని 'కాల్పనిక గనులు' అని రాసేస్తారు. మొదటిది తప్పు కాదు కానీ అసలు రుచి పోతుంది. రెండోది మాత్రం దారుణం, ఉన్న గనుల్ని లేవని చెప్పినట్టు అవుతుంది.

తికమకకు కారణం ఆ మాటలోనే ఉంది. ఏ మంచి ఇంగ్లీష్ నిఘంటువు తిరగేసినా ఫేబుల్డ్‌కి రెండు అర్థాలు ఇస్తారు. కథల్లో తప్ప బయట లేనిది అని ఒకటి, జనం నోళ్లలో బాగా నానిన, చాలా పేరున్నది అని రెండోది. సముద్రంలో మునిగిపోయిందని కథల్లో చెప్పే అట్లాంటిస్ నగరానికి మొదటి అర్థం, గోల్కొండకి రెండో అర్థం. ఒకే మాట అటు లేనిదానికీ ఇటు ఉన్నదానికీ ఎలా సరిపోతుంది అని ఎవరికైనా అనుమానం రావాలి. సరిపోవడానికి కారణం ఏమిటంటే, ఆ వస్తువు ఉందా లేదా అన్న సంగతి ఈ మాటకి అసలు పట్టదు. దాని గురించి జనం ఎంత చెప్పుకున్నారు, చూడనివాళ్లు కూడా ఎలా చెప్పుకున్నారు అన్నదే దీనికి ముఖ్యం. మూలం చూసినా అంతే. లాటిన్‌లో ఫారి అంటే మాట్లాడటం, దాన్నుంచి ఫాబులా అంటే చెప్పుకునే కథ, అందులోంచి ఫేబుల్, ఫేబుల్డ్. కీర్తి అనే అర్థంలో వాడే ఫేమ్ కూడా ఆ కుదురులోదే, ఇంకా మాటలు రాని పసిబిడ్డని ఇన్ఫెంట్ అనడం కూడా అక్కడినుంచి వచ్చిందే. కాబట్టి ఫేబుల్డ్ అంటే 'కథలు కథలుగా చెప్పుకునే' అని. ఈ ఒక్క సంగతి గుర్తుంటే ఎక్కడ వాడాలో ఎక్కడ వాడకూడదో చాలావరకు తేలిపోతుంది.

గోల్కొండకి ఈ మాట ఎందుకంత బాగా కుదిరిందో చూడాలంటే కుతుబ్‌షాహీల కంటే ముందుకి, కాకతీయుల కాలానికి వెళ్లాలి. 13వ శతాబ్దం చివర్లో వెనిస్ వర్తకుడు మార్కో పోలో మన తీరం గురించి చెబుతూ ముత్ఫిలి అనే రాజ్యం పేరెత్తాడు. అది ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి, కాకతీయుల రేవు. అక్కడ ఒక రాణి న్యాయంగా పాలిస్తోందని రాశాడు, ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారులు గుర్తించారు. ఆ రాజ్యంలో వజ్రాలు ఎలా దొరుకుతాయో కూడా చెప్పాడు, అసలు విషయం ఇక్కడే ఉంది. వానాకాలంలో కొండలమీదినుంచి వరద ఉరుకుతుంది, వానలు వెలిశాక జనం ఆ వాగుల్లో వెతికితే రాళ్లు దొరుకుతాయి అని ఒక పద్ధతి. మనిషి దిగలేని లోతైన లోయలు ఉన్నాయి, వాటినిండా విషసర్పాలు, పైనుంచి మాంసం ముక్కలు విసిరితే వజ్రాలు వాటికి అతుక్కుంటాయి, గద్దలు ఆ మాంసాన్ని పైకి తెచ్చినప్పుడు జనం వాటిని అదిలించి వజ్రాలు ఏరుకుంటారు అని ఇంకొకటి.

రెండో కథ చాలామందికి తెలిసిందే, అరేబియన్ నైట్స్‌లో సింద్‌బాద్ రెండో ప్రయాణంలో ఉన్నది అదే. మార్కో పోలోకి దాదాపు 900 ఏళ్ల ముందే, 4వ శతాబ్దంలో, సైప్రస్ బిషప్ ఎపిఫానియస్ ఇలాంటి కథే రాశాడు, అక్కడ దేశం వేరు, రాళ్లు వేరు, లోయ, మాంసం, పక్షులు మాత్రం అవే. అంటే ఈ కథ ఊళ్లు తిరిగి తిరిగి వచ్చి చివరికి తెలుగు వజ్రాల దగ్గర స్థిరపడింది. అది ఎవరూ కంటితో చూసింది కాదు. కానీ మొదటి పద్ధతి, వాన వెలిశాక వెతకడం, నూటికి నూరుపాళ్లు నిజం. ఒకే మనిషి, ఒకే చోట, ఒకే గొంతుతో ఒక నిజాన్నీ ఒక కట్టుకథనీ పక్కపక్కన చెప్పాడు, విన్న ఐరోపా రెండింటినీ కలిపే గుర్తు పెట్టుకుంది. ఇలా నిజమూ కథా విడదీయలేనంతగా కలిసిపోయినప్పుడే ఫేబుల్డ్ అన్న మాట సరిగ్గా అతుకుతుంది.

మార్కో పోలో తర్వాత దాదాపు 350 ఏళ్లకి ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే వచ్చాడు. ఆయన 1640లలో కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు గనికి వెళ్లాడు, 1676లో యాత్రల పుస్తకం అచ్చు వేయించాడు. కొల్లూరులో దాదాపు 60,000 మంది పనిచేసేవారని, మగవాళ్లు తవ్వితే ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోసేవారని రాశాడు. ఇంకా ముచ్చటైన సంగతి గనుల దగ్గర జరిగే బేరాల గురించి. కొనేవాడూ అమ్మేవాడూ ఎదురెదురుగా కూర్చుంటారు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పైన గుడ్డ కప్పుతారు, నోటితో ఒక్క మాట ఉండదు. అరచెయ్యి మొత్తం పట్టుకుంటే వెయ్యి, ఒక వేలు పట్టుకుంటే వంద, వేలి నడిమి కణుపు దాకా నొక్కితే యాభై, కొస నొక్కితే పది. చుట్టూ జనం ఉన్నా సరుకు ఎంతకి పోయిందో ఆ ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. తావెర్నియే వర్ణించింది అచ్చంగా పనిచేస్తున్న బజారు. అందులో పాములూ లేవు, గద్దలూ లేవు.

మరి ఇంత స్పష్టంగా చూసి రాసినవాడు ఉన్నాక కూడా గోల్కొండ ఫేబుల్డ్‌గానే ఎందుకు మిగిలింది? ఒక కారణం, పేరు ఒకచోట, గని ఒకచోట. గోల్కొండ కోటలో వజ్రం దొరకలేదు. అది రాజధాని, వ్యాపార కేంద్రం. రాళ్లు దొరికింది ఎక్కువగా కృష్ణా లోయలో, కొల్లూరు, పరిటాల లాంటి చోట్ల, ఇంకా కర్నూలు వైపు. ఐరోపావాడికి ఇవన్నీ కలిపి గోల్కొండే, వాడి ఊహలో కోట కిందే వజ్రాల కొండ ఉంది. రెండో కారణం పోటీ లేకపోవడం. 1720లలో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడేదాకా ప్రపంచానికి వజ్రమంటే ఇండియానే, బోర్నియోలో దొరికే కొద్దిపాటి సరుకు తప్పిస్తే. 1687లో ఔరంగజేబు గోల్కొండని పట్టుకోవడంతో కుతుబ్‌షాహీల కథ ముగిసింది, క్రమంగా గనులూ మూతబడ్డాయి, పేరు మాత్రం పెరుగుతూనే పోయింది. ఎంత పెరిగిందంటే గోల్కొండ అన్నది ఇంగ్లీష్ నిఘంటువుల్లోకి మామూలు నామవాచకంగా ఎక్కింది, గొప్ప సంపద పుట్టే చోటు అని అర్థం. అమెరికాలో నెవాడాలోనూ ఇలినాయ్‌లోనూ గోల్కొండ అనే ఊళ్లు ఉన్నాయి. మన కొల్లూరు మాత్రం పులిచింతల జలాశయం ముంపులోకి పోయింది. ఆ పేరు బయట ఎవరికీ తెలియదు. నాకైతే ఇది చాలా బాధ కలిగించే సంగతి, ఎందుకంటే రాయి ఇచ్చిన ఊరికి దక్కాల్సిన పేరు కూడా కోటే తీసుకుంది.

రాళ్ల విషయంలోనూ ఇదే జరిగింది. పారిస్‌లోని లూవ్ర మ్యూజియానికి చెందిన రీజెంట్ వజ్రం 140 క్యారట్ల పైచిలుకు. దాన్ని గనిలో దొరకబుచ్చుకున్న బానిస కాలికి గాయం చేసుకుని అందులో దాచి తెచ్చాడని, ఓడ కెప్టెన్ వాణ్ని చంపి కాజేశాడని కథ. కాగితాల మీద ఉన్నదేమో మద్రాసు గవర్నర్ థామస్ పిట్ దాన్ని జమ్‌చంద్ అనే వర్తకుడి దగ్గర 48,000 పగోడాలకి, అంటే అప్పటి బంగారు నాణేలకి, కొన్నాడని, 1717లో ఫ్రాన్స్ రీజెంట్‌కి, అంటే బాలరాజు తరఫున పాలిస్తున్నవాడికి, అమ్మాడని. వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉన్న 45.52 క్యారట్ల హోప్ డైమండ్‌కి శాపం ఉందన్నది ఇంకో కథ, దాన్ని 20వ శతాబ్దం మొదట్లో పత్రికలూ నగల వ్యాపారులూ కలిసి పెంచి పోషించారు, శాపం కథ ఉంటే రాయికి గిరాకీ పెరుగుతుంది కాబట్టి. కోహినూర్ కొల్లూరులోనే దొరికిందని అందరం ఢంకా బజాయించి చెబుతాం, దానికి గట్టి ఆధారం లేదు. ఈ మూడు రాళ్లూ నిజంగా ఉన్నాయి. వాటి చుట్టూ అల్లుకున్న కథలూ ఉన్నాయి. 'ఫేబుల్డ్ డైమండ్' అన్నప్పుడు ఇంగ్లీష్‌వాడు ఈ రెండింటినీ కలిపి ఒకే మాటలో చెబుతున్నాడన్నమాట.

గోల్కొండ ఒక్కటే కాదు, ఇంగ్లీష్‌లో ఈ మాట బాగా అలవాటైపోయిన పేర్లు కొన్ని ఉన్నాయి, వాటన్నిటి వెనకా ఇదే తంతు. మాలి దేశంలోని టింబక్టూ తీసుకోండి. మాలి చక్రవర్తి మన్సా మూసా 1324లో బంగారం మోయించుకుంటూ మక్కా యాత్రకి వెళ్లాడు, దాంతో ఆ దేశమంతా బంగారమేనన్న మాట ఐరోపా దాకా పాకింది. ఎవరైనా వెళ్లి ప్రాణాలతో తిరిగొస్తే బహుమతి ఇస్తామని పారిస్ భూగోళ సంఘం 1824లో ప్రకటించింది. రెనె కాయే అనే ఫ్రెంచివాడు 1828లో వేషం మార్చుకుని వెళ్లి చూస్తే మట్టి ఇళ్లు. ఉసూరుమన్నాడు. అసలు ఆ ఊరి సంపద అరబిక్ లిపిలో రాసిన వేలకొద్దీ చేతిరాత ప్రతులు, అవి ఆయన వెతుక్కుంటూ వెళ్లిన సరుకు కాదు.

ఎల్ దొరాదో ఇంకా చిత్రం. మొదట్లో అది ఊరి పేరే కాదు, ఒక మనిషికి పెట్టిన పేరు, బంగారు పూత పూసుకున్నవాడు అని. ఇప్పటి కొలంబియాలో గ్వాటవీటా సరస్సు దగ్గర ముయిస్కా తెగ నాయకుడు ఒంటికి బంగారు పొడి రాసుకుని తెప్ప మీద వెళ్లి నీళ్లలోకి బంగారం వదిలేవాడట. స్పెయిన్‌వాళ్ల నోళ్లలో పడి ఆ మనిషి ఊరయ్యాడు, ఊరు రాజ్యమైంది, 1595లో ఇంగ్లండ్ నావికుడు వాల్టర్ రాలీ దాన్ని వెతుక్కుంటూ ఒరినోకో నది దాకా పోయాడు. నగరం దొరకలేదు, లేదు కాబట్టి. కానీ 1969లో బొగోటా దగ్గర పాస్కాలోని ఒక గుహలో చిన్న బంగారు తెప్ప బొమ్మ దొరికింది, మధ్యలో నాయకుడు, చుట్టూ పరివారం, ఇప్పుడది బొగోటా బంగారు మ్యూజియంలో ఉంది. ఆ వేడుక ఉత్త పుక్కిటి పురాణం కాదని అలా తేలింది. కాబట్టి ఎల్ దొరాదో నగరానికి ఫేబుల్డ్ అంటే మొదటి అర్థం, లేనిది అని. అదే మాట ఆ వేడుకకి వాడితే రెండో అర్థంలో పడుతుంది.

ఇక వాడకం. ఈ మాట ఎక్కువగా నామవాచకానికి ముందే వస్తుంది, 'ద ఫేబుల్డ్ సిల్క్ రోడ్' లాగా. వాక్యం చివర్లో ఒంటరిగా, అంటే 'ద సిటీ ఈజ్ ఫేబుల్డ్' అని రాస్తే తప్పని ఎవరూ అనరు కానీ చదవడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఫలానాదానికి పేరుపడింది అనాలంటే 'ఫేబుల్డ్ ఫర్' అని రాయవచ్చు. ముందు 'వెరీ' తగిలించకండి, 'మోర్ ఫేబుల్డ్' కూడా అంత బాగుండదు. అన్నిటికంటే గమనించాల్సింది 'ద' సంగతి. ఈ మాట ముందు మామూలుగా 'ద' ఉంటుంది, 'ఎ' అరుదు. చదివేవాడు ఆ పేరు ఇంతకుముందే విన్నాడని ఈ మాట అనుకుంటుంది మరి. ఎవరూ వినని దాన్ని పరిచయం చేస్తూ ఫేబుల్డ్ అనలేం. నిన్న తెరిచిన బిర్యానీ హోటల్‌ని 'ఫేబుల్డ్ రెస్టారెంట్' అని, కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్లని 'ఫేబుల్డ్ లివింగ్' అని ప్రకటనలు వేస్తే అది భాష తెలియక చేసే పని. కథ పుట్టడానికి కాలం పట్టాలి, దూరం ఉండాలి, చూసినవాళ్ల కంటే విన్నవాళ్లు ఎక్కువ ఉండాలి.

దీనికి దగ్గరి చుట్టాలు కొన్ని ఉన్నాయి, వాటితో కలిపేస్తేనే గందరగోళం. ఫ్యాబ్యులస్ కూడా అదే ఫాబులా నుంచి వచ్చిందే, ఒకప్పుడు కథల్లో ఉండే, నమ్మలేని అనే అర్థమే దానిదీ. వాడి వాడి ఇప్పుడు చీర బాగుంటే ఫ్యాబ్యులస్, కాఫీ బాగుంటే ఫ్యాబ్యులస్. లెజెండరీ ఇంకా ఘోరంగా అరిగిపోయింది. లెజెండ్ అంటే లాటిన్‌లో చదవదగ్గది అని, క్రైస్తవ సాధువుల జీవిత కథల్ని చదివించడానికి పుట్టిన మాట. మన టీవీల్లో, ఆడియో ఫంక్షన్లలో యాంకర్ నోరు తెరిస్తే లెజెండరీ డైరెక్టర్, లెజెండరీ సింగర్. లెజెండరీ ఒక మనిషి చేసిన పనికి ఇచ్చే కితాబు అయిపోయింది, కాబట్టి బతికున్న మనిషికి కూడా వాడుతున్నారు, సరే. మిథికల్ అంటే లేనిదనే ధ్వని బలంగా ఉంటుంది. ఫేమస్‌కి కథతో పనే లేదు, ఈ ఉదయం వైరల్ అయినవాడు కూడా ఫేమస్సే. వీటన్నిటి మధ్య ఫేబుల్డ్ ఇంకా తన పదును పోగొట్టుకోలేదు, బహుశా మాట్లాడేటప్పుడు ఎవరూ పెద్దగా వాడకపోవడం వల్లే. ఇది రాతలో మాట. అందుకే దీన్ని పొదుపుగా, చూసి చూసి వాడాలని అనిపిస్తుంది.

ఇంకో జాగ్రత్త ఉంది, ముఖ్యంగా వార్తలు రాసేవాళ్లకి. 'లేనిది' అన్న పాత అర్థం ఈ మాటని పూర్తిగా వదిలిపోలేదు. ఒకరి నిజాయితీ గురించి రాస్తూ 'హిజ్ ఫేబుల్డ్ ఆనెస్టీ' అంటే, మెచ్చుకుంటున్నారో శంకిస్తున్నారో చదివేవాడికి అర్థం కాదు. జనం భక్తితో కొలిచే స్థలాల గురించి రాస్తూ ఈ మాట వాడితే 'అంటే కట్టుకథ అంటున్నావా' అని అడిగేవాళ్లు ఉంటారు, వాళ్లు అడగడంలో తప్పు లేదు. అలాగే జరిగిన కరువుకీ, జరిగిన ఊచకోతకీ, మనుషులు పడ్డ బాధకీ ఇది అసలు పనికిరాదు. నిజంగా జరిగిందా అన్న చిన్న సందేహం కూడా అక్కడ అన్యాయమే. సంపద, నగరాలు, దారులు, నగలు, విందులు, తోటలు, ఇవీ దీని సొంత జాగా.

తెలుగులో సరైన మాట లేదని చాలామంది అంటారు, నేను ఒప్పుకోను. ఐతిహ్యం అనే మాట ఉంది. సంస్కృతంలో 'ఇతి హ' అంటే 'ఇలా అట' అనే అర్థం వస్తుంది, దాన్నుంచే ఐతిహ్యం. మన తర్కశాస్త్రాల్లో దీని మీద పెద్ద చర్చే నడిచింది. మొదట ఎవరు చెప్పారో తెలియకుండా తరాలుగా చెప్పుకుంటూ వచ్చే మాటే ఐతిహ్యం, దానికి ఇచ్చే ఉదాహరణ కూడా ఎంతో బాగుంటుంది: ఈ మర్రిచెట్టు మీద యక్షుడున్నాడు. పౌరాణికులు ఐతిహ్యాన్ని కూడా ఒక ప్రమాణంగా, అంటే నిజం తెలుసుకునే ఆధారంగా, ఒప్పుకున్నారు, న్యాయదర్శనం చెప్పే నైయాయికులు అది విడిగా అక్కర్లేదు, నమ్మదగ్గవాళ్ల మాటే ఆధారమనే శబ్దప్రమాణంలోనే కలిపేయవచ్చు అన్నారు. చెట్టు ఉందా అన్నది అక్కడ ప్రశ్నే కాదు, చెట్టు ఎదురుగానే ఉంది. యక్షుడి సంగతే చెప్పుకునేది. గోల్కొండ గని ఆ చెట్టు లాంటిది, పాముల లోయ యక్షుడి లాంటిది. అయితే 'ఐతిహ్య ప్రసిద్ధ' అని రాస్తే ఈ రోజుల్లో చదివేవాళ్లకి బరువుగా ఉంటుందన్నది నిజమే, అందుకే నేనైతే సందర్భాన్నిబట్టి 'కథలు కథలుగా చెప్పుకునే' అనో, 'జనం నోళ్లలో నానిన' అనో రాస్తాను. లేనిదాని విషయంలో అయితే 'కథల్లోని అట్లాంటిస్' అంటే చాలు.

దానికంటే తేలిక పద్ధతి కూడా మన దగ్గరుంది, వాక్యం చివర వచ్చే 'ట'. 'హంపీ బజారులో రత్నాలు రాశులు పోసి అమ్మేవారు' అంటే చరిత్ర చెబుతున్నట్టు. 'అమ్మేవారట' అంటే, నేను చూడలేదు, నాకు చెప్పినవాళ్లూ చూడలేదు, అయినా చెప్పుకుంటారు అని. ఇంగ్లీష్‌వాడు ఫేబుల్డ్ అని విశేషణం పెట్టి సాధించే పని మనం ఒక్క అక్షరంతో చేసేస్తాం. కాకపోతే హంపీ విషయంలో ఆ 'ట' కూడా అక్కర్లేదేమో. 1443లో వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ బజారులో నగల వర్తకులు బాహాటంగా రత్నాలు అమ్మడం గురించి రాశాడు, 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పయేస్ కూడా కెంపులు, పచ్చలు, వజ్రాలు, ముత్యాలు అమ్మే బజారు గురించి రాశాడు. రాశులు పోశారో లేదో గానీ, బహిరంగంగా అమ్మింది మాత్రం చూసినవాళ్లు చెప్పిన మాట.

ఇప్పుడు ఏటా జూన్‌లో ఒక వార్త వస్తుంది. తొలకరి పడగానే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర చుట్టుపక్కలా, అనంతపురం జిల్లా వజ్రకరూరు వైపూ పొలాల్లో జనం దిగుతారు, వేరే జిల్లాలనుంచి కూడా వచ్చి, సద్దిమూటలు కట్టుకుని, నేల మీద కళ్లు పెట్టి వంగి నడుస్తుంటారు. వాన మట్టిని కడిగితే రాయి పైకి తేలుతుంది, తళుక్కుమన్నదాన్ని ఏరి కొంగున కట్టుకుంటారు. ఎక్కువమందికి ఏమీ దొరకదు, ఎవరో ఒకరికి దొరుకుతుంది, కొనే వ్యాపారులు అక్కడే కాచుకుని ఉంటారు. మార్కో పోలో చెప్పిన మొదటి పద్ధతి అచ్చంగా ఇదే. ఈ పొలాల గురించి రాసేటప్పుడు కూడా కొన్ని ఇంగ్లీష్ వార్తల్లో ఫేబుల్డ్ దొర్లుతుంటుంది. అక్కడ దాని అవసరం లేదు. కొల్లూరుకి వాడండి, పాముల లోయకి వాడండి, కోహినూర్‌కి వాడండి. తుగ్గలి పొలంలో ఈ ఏడాది దొరికిన రాయికి మాత్రం ఊరి పేరు, బరువు, ధర రాస్తే చాలు.